మడిలో బిడ్డ

కల్యాణవల్లి టైపు కొడుతుంటే పక్క సెక్షన్ వాళ్ళు కూడా పని ఆపి వినేవాళ్ళని చెప్పుకుంటారు. అది కాస్త ఎక్కువ చేసి చెప్పిన మాటే కావచ్చు. ఆఫీసుల్లో పని ఆపడానికి ఏదో ఒక సాకు కావాలి కదా. కానీ ఆమె వేళ్ళు చురుకైనవన్నది నిజం. తిరుచానూరు కోవెల్లో కైంకర్యం చేసుకునే శఠగోపం గారి పెద్ద కూతురు ఆమె. పెళ్ళికి ముందే రోజూ బస్సెక్కి తిరుపతికి వచ్చి టైపు నేర్చుకుంది. లోయరు, హయ్యరు పరీక్షలు రెండూ ఒకే ఊపులో పాసై, ఒక సర్కారు ఆఫీసులో కుదురుకుంది.

ఆ తర్వాత సౌందరరాజన్‌తో పెళ్ళయింది. అతను చంద్రగిరిలో బడిపంతులు, నోట్లో నాలుక లేని మనిషి. పెళ్ళిచూపుల్లో అతను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న.

"మీకు సెలవు ఏ రోజు?"

ఆదివారమని ఆమె చెప్పగానే, తనకూ అదే రోజని తెగ సంబరపడిపోయాడు. లోకంలో చాలామందికి ఆదివారమే సెలవన్న సంగతి ఆ పూట ఇద్దరికీ తోచలేదు.

ఇక అత్తగారు కుముదవల్లమ్మ. ఆమె పుట్టిల్లు కంచి పక్క. కోడలుగా తిరుపతికి వచ్చి తల నెరిసినా, నోటి నుంచి అరవం, తెలుగు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకునే బయటికి వచ్చేవి. కోడలి ఉద్యోగం ఆమెకు అడ్డమనిపించలేదు సరికదా, లోలోపల గర్వంగా ఉండేది. "మా వల్లి మిషను కొట్టకపోతే ఆఫీసర్లు సంతకం యాడ పెడతారు?" అని వీధిలో అడిగేది. ఆమె పెట్టిన షరతు మాత్రం ఒకటుంది. ఇంట్లో పెరుమాళ్ళకు ఆరగింపు పెట్టే వంట కోడలి చేత్తో, మడితో జరగాలి. తన మోకాళ్ళు అరిగిపోయాయి, పొయ్యి ముందు కూర్చుంటే మళ్ళీ లేవడం గగనమైపోతోంది.

మడి అంటే మాటలు కాదు. చీకటితోనే లేచి తలారా స్నానం చెయ్యాలి. ముందురోజు ఎవరూ తాకకుండా ఎత్తైన దండెం మీద ఆరేసిన చీరను కర్రతో దించి కట్టుకోవాలి. వంట ముగిసి దేవుడికి చూపించేదాకా ఎవరినీ ముట్టుకోకూడదు, ఎవరూ ముట్టుకోకూడదు. ఎవరి చెయ్యి తగిలినా మళ్ళీ స్నానం, మళ్ళీ మొదలు. ఇంటిపట్టున ఉండే ఆడవాళ్ళు దాన్ని ఎలాగో ఈదుకొచ్చేవాళ్ళు. ఆఫీసు గంటకు తలవంచాల్సిన మనిషికి మళ్ళీ మొదలంటే ఆ పూట హాజరు పట్టీలో గైర్హాజరే.

కూతురు గోద పుట్టిన కొత్తల్లో ఈ బాధ తెలియలేదు. ఒంటి మీద బట్ట లేని పసిబిడ్డ తాకితే మడి చెడదని పెద్దలు ఎప్పుడో ఒక సందు వదిలిపెట్టారు. దోషమంతా బట్టల్లోనే ఉందట. ఆ సందులోంచి గోద వంటింట్లోకి జొరబడి, మొలతాడు ఒక్కటే వేసుకొని, తల్లి వీపు మీద ఎక్కేది, కొంగులో దూరేది, పప్పు రుబ్బుతుంటే పొత్రం మీద తనూ ఒక చెయ్యి వేసేది. కల్యాణవల్లికి ఆ రోజులు పండగలా గడిచాయి.

అప్పుడు వచ్చింది గౌను. కల్యాణవల్లి చెల్లెలు మద్రాసు నుంచి తెచ్చింది. పసుపుపచ్చ రంగు, చుట్టూ కుచ్చులు, వెనక పెద్ద ముడి. గోద దాన్ని తొడుక్కున్న క్షణంలోనే ఆడపిల్లనన్న సంగతి కనిపెట్టేసింది. ఇక విప్పమంటే ఇల్లెగిరిపోయేలా ఏడుపు. ఉతకాలని విప్పితే ఇంకో గౌను కావాలి. చలికాలం కూడా తోడైంది.

"గౌను ఇప్పేసి రా తల్లీ, ఎత్తుకుంటాను," అని తల్లి వంటింట్లోంచి బతిమాలేది.

"ఇప్పను," అని బిడ్డ గడప అవతల నుంచి చెప్పేది.

ఇద్దరి మధ్య గడప ఉండిపోయింది. పోను పోను బతిమాలడం తగ్గింది, గడప మాత్రం అలాగే ఉంది. చేతులు వెనక్కి కట్టుకొని, ఎక్కడ తగిలిపోతానో అని ఒళ్ళంతా ముడుచుకొని, గోద తల్లి వంట చేయడాన్ని బొమ్మలకొలువు చూసినట్టు చూసి వెళ్ళిపోయేది.

ఇందులో ఇంకో తిరకాసుంది. అరవంలో మడి అంటే ఒడి కూడా. కుముదవల్లమ్మ హాల్లో కాళ్ళు చాపుకొని కూర్చొని, "వా కణ్ణే, పాటి మడిలో కూర్చో," అని మనవరాలిని పిలిచేది. పాటి అంటే అవ్వ. అదే నోటితో, "అమ్మ మడి, పోవద్దు, తాకొద్దు," అనేది. పెద్దవాళ్ళకు ఏ మడి ఏదో సులువుగానే తెలుస్తుంది. మూడేళ్ళు నిండిన బిడ్డకు ఎలా తెలుస్తుంది? ఒకరోజు గోద తండ్రి దగ్గర తీరిగ్గా తీర్పు చెప్పింది.

"పాటి మడి మంచిది నాయనా. అమ్మ మడి కసురుతుంది."

ఇల్లంతా నవ్వింది. కల్యాణవల్లి కూడా నవ్వింది. ఆ రోజు ఆఫీసులో ఒకే ఉత్తరాన్ని పదే పదే తప్పు కొట్టి, కాగితాలు నలిపి బుట్టలో పారేసింది.

పొద్దున అలా గడిచేది. సాయంత్రం ఆఫీసు చీరతో ఇంట్లో ఏదీ ముట్టుకోకూడదు, మళ్ళీ స్నానం. తర్వాత రాత్రికి పలహారం. ఆమె చేతులు తుడుచుకొని హాల్లోకి వచ్చేసరికి గోద నోరు తెరుచుకొని పాటి ఒడిలో నిద్రపోతుండేది. ఆదివారాలు మడిచీరలు ఉతకడం, వడియాలు, చుట్టాలు. పెళ్ళిచూపుల్లో అంత సంబరంగా చెప్పుకున్న సెలవు రోజు కూడా ఆమె చేతికి చిక్కేది కాదు.

అయినా సర్దుకునేదే. కానీ ఒక సాయంత్రం ఆమె వీధి మలుపు తిరిగి ఇంటికి వస్తుంటే, అరుగు ముందు ఆడుకుంటున్న గోద బోర్లా పడింది. మోకాలు చీరుకుపోయింది. కల్యాణవల్లి సంచీ కింద పడేసి చేతులు చాచింది. బిడ్డ ఏడుస్తూ లేచి, తల్లిని చూసి, ఆ చాచిన చేతులను తప్పించుకొని పక్కనుంచి పరిగెత్తి ఇంట్లో పాటి మీద పడింది. కల్యాణవల్లి వీధిలో అలాగే వంగి ఉండిపోయింది. ఎవరో సంచీ తీసి అందిస్తే గాని తేరుకోలేదు.

తన బిడ్డ తనది కాకుండా పోతోందన్న భయం ఆ రోజు మొదలైంది. ఉద్యోగం మానేద్దామా అని కూడా అనుకుంది. మానడానికి మనసొప్పలేదు. ఆ మిషను ముందు కూర్చుంటే ఆమెకు హాయిగా ఉండేది. ఆ సంగతి పైకి అంటే ఇదేం తల్లి అంటారని ఎవరితోనూ అనలేదు.

ఆ రోజుల్లోనే విశ్వవిద్యాలయం నుంచి రాజారత్నం అనే ఆమె వాళ్ళ ఆఫీసుకు వచ్చింది. అరవనాట గుడియాత్తం దగ్గరి అమ్మాయి, మడి ఆచారం ఎరగని క్రైస్తవుల ఇంటి పిల్ల. ఉద్యోగం చేసే ఇల్లాళ్ళు ఇల్లూ ఆఫీసూ రెండూ ఎలా నెట్టుకొస్తున్నారన్నది ఆమె పరిశోధన. ఆఫీసర్లకు చెప్పి ఏవైనా సౌకర్యాలు తెప్పించాలని ఆశ. తెలుగు అప్పుడప్పుడే పట్టుబడుతోంది. మొదటిరోజు ఆఫీసు ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి, "మీరు ఇంట్లో ఎంత నేరం పని చేస్తారు?" అని అడిగింది. అరవంలో నేరం అంటే సేపు. వీళ్ళు పోలీసు విచారణకు వచ్చిందని పడిపడి నవ్వారు. పాపం, అప్పటినుంచి ఆమె ఆ మాట దగ్గర ఆగి, గుటక మింగి, 'సేపు' అనేది.

మడి అన్న మాటకు మాత్రం ఎవరూ నవ్వలేదు. అది తెలుగు మాటే కదా.

మధ్యాహ్నం భోజనాల వేళ కల్యాణవల్లి వంతు వచ్చింది. వంట ఎవరు చేస్తారు, పెందలాడే ఎవరు లేస్తారు, ఇలా అడుగుతూ పోయి రాజారత్నం, "బిడ్డ రోజుకు ఎంతసేపు మీ మడిలో ఉంటాదమ్మా?" అంది.

కల్యాణవల్లి మనసు అప్పటికి వంటింట్లోనే ఉంది. విస్తుపోయి, "బిడ్డ మడిలో ఎట్లుంటాదమ్మా? దగ్గరికి గూడా రానీము," అంది.

"అస్సలే రానీరా?"

"అస్సలే రానీము. ముందు చిన్నది గాబట్టి ఎట్లో జరిగిపొయింది. ఇప్పుడు గౌను వేసుకుంటుండాది గదా."

గౌను వేసుకుంటే ఒడిలోకి రానివ్వకపోవడం ఏమిటో రాజారత్నానికి అంతుపట్టలేదు.

"రాత్రిపూటైనా...?"

"రాత్రి మడేందమ్మా!" అని కల్యాణవల్లి ఫక్కున నవ్వింది.

రాజారత్నం నవ్వలేదు. ఎదుటి మనిషి ముఖం కేసి జాలిగా చూసి, రాసుకొని, నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. మంచి మనిషేగానీ మరీ మెతక అనుకొని కల్యాణవల్లి పెరుగన్నం గిన్నె మూత తీసుకుంది.

మళ్ళీ చలికాలం వచ్చేసరికి ఆ పరిశోధన ఒక కొలిక్కి వచ్చింది. ఊళ్ళో ఒక హాల్లో సభ పెట్టి, ఆఫీసర్లను, ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళను పిలిచారు. కల్యాణవల్లి స్నేహితురాలు చంద్రకాంతమ్మతో కలిసి వెళ్ళి వెనక వరసలో కూర్చుంది. చంద్రకాంతమ్మ అదే ఆఫీసులో గుమస్తా, నలుగురు పిల్లల తల్లి. పెద్దలు చాలా మాట్లాడారు. ఆఫీసుల పక్కన పసిపిల్లలకు ఒక గది, చూసుకోవడానికి ఒక ఆయా ఉండాలన్నారు. ఆ గది ఎప్పుడొస్తుందని ఒకామె లేచి అడిగితే, పైకి రాస్తామన్నారు. పైకి పోయినవి కిందికి రావడానికి ఎంత కాలం పడుతుందో టైపిస్టు కల్యాణవల్లికి వేరే చెప్పక్కర్లేదు.

చివరికి రాజారత్నం లేచింది. ఏడాదిలో ఆమె తెలుగు చక్కగా తీరింది. లెక్కలు చెప్పీ చెప్పీ, ఒక చోట ఆగింది.

"ఈ ఊళ్ళోనే ఒక తల్లి ఉంది. ఆమె తన బిడ్డను ఒడిలోకి అస్సలు రానివ్వనని నాతో చెప్పింది. పొద్దున లేదు, రాత్రి లేదు. ఎందుకమ్మా అని అడగడానికి నాకు నోరు రాలేదు."

హాల్లో ఆడవాళ్ళందరూ అయ్యో అన్నారు. "ఇదేం తల్లే, రాతిగుండె!" అని చంద్రకాంతమ్మ నొచ్చుకుంది. "పాపం ఆ బిడ్డ!" అని కల్యాణవల్లి కూడా నొచ్చుకుంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి.

"బిడ్డకు గౌను తొడుక్కునే వయసొచ్చింది కదా అన్నది ఆ తల్లి," అంది రాజారత్నం.

కల్యాణవల్లి చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది. గౌను, మడి, రాత్రి మడేందమ్మా అన్న నవ్వు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. చుట్టూ ఇందరు అయ్యో అంటున్నది తననే. వాళ్ళతో పాటు తను కూడా అంది.

సభ ముగిశాక వరండాలో రాజారత్నాన్ని పట్టుకుంది. "మేడమ్, ఆ రాతిగుండె తల్లిని నేనే," అంది. తర్వాత మడి అంటే ఏమిటో, దండెం, కర్ర, స్నానం, పెరుమాళ్ళు, అన్నీ చెప్పింది. రాజారత్నం రెండు చేతులతో నెత్తి పట్టుకుంది. తర్వాత ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకొని నవ్వారు. అటుగా పోయే ఆఫీసర్లు, ఆడవాళ్ళ సభలు ఇలాగే ముగుస్తాయి కాబోలు అన్నట్టు చూసి పోయారు.

"మన్నించాలమ్మా, ఇప్పుడే దిద్దేస్తాను," అని రాజారత్నం కళ్ళు తుడుచుకొని కలం తీసింది. "ఒడి గురించే అడుగుతున్నాను. చెప్పండి, పాప రోజుకు ఎంతసేపు మీ ఒడిలో ఉంటాది?"

కల్యాణవల్లి చెప్పబోయింది. పొద్దున అనుకుంది, పొద్దున మడి. సాయంత్రం అనుకుంది, అప్పటికి బిడ్డ నిద్రపోతుంది. ఆదివారం అనుకుంది. పోయిన ఆదివారం, దాని ముందు ఆదివారం ఏం చేసిందో వెతుక్కుంది. రాజారత్నం తల వంచుకొని కలం పట్టుకొని ఉంది.

"దిద్దొద్దు మేడమ్," అంది చివరికి. "అది అట్లే ఉండనీండి. సరిగానే ఉండాది."

ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకు తెలియదు. గుమ్మంలో చెప్పులు విడిచి, స్నానం చెయ్యకుండా, ఆఫీసు చీరతోనే నేరుగా హాల్లోకి పోయి, బొమ్మలతో ఆడుకుంటున్న గోదను ఎత్తి గుండెలకు హత్తుకుంది. బిడ్డ బెదిరిపోయి కాళ్ళూ చేతులూ కొట్టుకుంది.

"పాటీ! అమ్మ ముట్టుకునేసింది! నేను ముట్టుకోలా, అమ్మే ముట్టుకునేసింది!"

తప్పు తనమీదికి రాకుండా చూసుకుంటున్న ఆ గొంతు విని కల్యాణవల్లి బిడ్డను దించేసింది. అక్కడే గోడకు చేరగిలబడి ఏడ్చేసింది. కుముదవల్లమ్మ మోకాళ్ళ మీద చేతులు వేసుకొని మెల్లగా వచ్చి పక్కన కూలబడింది. "ఏమ్మే, ఏమైంది? ఎవురేమన్నారు?" అని గడ్డం పట్టుకొని అడిగింది. కోడలు జరిగినదంతా చెప్పింది.

మడి తారుమారైన సంగతికి ముసలామె ముందు కడుపు పట్టుకొని నవ్వింది. "ఒడిలో కూర్చోబెట్టేకి మడిచీర కట్టుకోవాలా!" అని మళ్ళీ మళ్ళీ అంది. తర్వాత నవ్వు ఆగిపోయింది. కింద పడున్న గోద బొమ్మ ఒకటి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"రాజాను నేను గూడా ఎత్తుకోలేదు వల్లీ," అంది. రాజా అంటే ఆమె కొడుకు సౌందరరాజన్. "మా అత్త నన్ను పొయ్యి కాడికి తోసి, బిడ్డను ఆమె మడిలో పెట్టుకునింది. పెద్దోడైనాక వాడు నా కాడికి వచ్చినాడు గాని, అప్పటికి ఎత్తుకునే వయసు దాటిపొయినాడు. దీన్ని చూస్తే ఆశ. ఆ ఆశ తీర్చుకుంటా ఉండా. నీకేం పోతాదో ఆలోచన చేయలేదు."

కల్యాణవల్లి ఆమె దగ్గరికి జరిగింది. అత్తగారి మోకాలి మీద తల ఆనించింది. ఆఫీసు చీర మైల అని ఆ పూట ఇద్దరిలో ఎవరూ అనలేదు.

మర్నాడు ఆమెకు మెలకువ వచ్చేసరికి తెల్లవారిపోయింది. దిగ్గున లేచింది. దండెం మీద మడిచీర లేదు. వంటింట్లో కట్టెలు చిటపటమంటున్నాయి. కుముదవల్లమ్మ ఎత్తు పీట మీద కూర్చొని, మడి కట్టుకొని, కూర కలుపుతోంది.

"అత్తా, మీ మోకాళ్ళు..."

"మోకాళ్ళు నావి, నేను సూసుకుంటాలే. పీట మీద కూర్చొని వండితే పెరుమాళ్ళు తిననంటాడా? ఈపొద్దు నా వంతు, రేపు నీ వంతు. ఒక్క దినం విడిచి ఒక్క దినం. పో, ఆడ కూర్చో. నన్ను ముట్టుకోవద్దు."

కల్యాణవల్లి హాల్లో, అత్తగారు రోజూ కూర్చునే చోట, కాళ్ళు చాపుకొని కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజు కూడా ఆమెకు ఇంత బెరుకు లేదు.

గోద కళ్ళు నులుముకుంటూ వచ్చింది. అలవాటుగా గడప దగ్గరికి పోయి, లోపల పాటిని చూసి నిలబడిపోయింది. వెనక్కి తిరిగి తల్లిని చూసింది. చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది.

"మడి?" అని తల్లిని అడిగింది.

"అవును తల్లీ, మడే. ఖాళీగా ఉండాది, రా."

బిడ్డకు నమ్మకం కుదరలేదు. వంటింట్లోకి చూసింది. కుముదవల్లమ్మ వెనక్కి తిరగలేదు. పొయ్యిలోకి వంగి, పొగకో దేనికో కళ్ళు తుడుచుకుంటూ, "పో కణ్ణే. పాటిని తాకకూడదు ఈపొద్దు. అమ్మ మడిలో కూర్చో," అంది.

గోద ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వచ్చింది. ముందు ఒక వేలితో తల్లి మోకాలు తాకి చూసింది. ఎవరూ కసరలేదు. అప్పుడు గౌను కుచ్చులు సర్దుకొని, చుట్టపింట్లో కుర్చీ మీద కూర్చున్నట్టు ఒడి అంచున బిగుసుకొని కూర్చుంది. కల్యాణవల్లి ఊపిరి బిగబట్టుకుంది. కాసేపటికి ఆ చిన్న వీపు మెత్తబడి ఆమె పొట్టకు ఆనింది. ఇంత బరువైందా తన బిడ్డ అని ఆమెకు ఆశ్చర్యం వేసింది. కన్నీళ్ళు బిడ్డ జుట్టులో పడుతున్నాయి, తుడవడానికి చెయ్యి తీయాలనిపించలేదు.

సౌందరరాజన్ పాలచెంబుతో లోపలికి వచ్చాడు. వంటింట్లో తల్లిని, హాల్లో భార్యను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఏమీ అడగకుండా చెంబు కింద పెట్టి, నవ్వుతూ వంగి, కూతురి బుగ్గ గిల్లబోయాడు.

గోద రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"ముట్టుకోవద్దు నాయనా! నేను మడిలో ఉండాను."